హీరోలు మారారు, అంజి మారలేదు

(విజయవాడలో యువ నటీనటుల శిక్షణ తరగతిలో ఒక సహాయ నటుడు చేసిన ప్రసంగ పాఠం)

ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ హీరోల జోలికి వెళ్లను. వాళ్ల గురించి చెప్పడానికి ఊరంతా ఉంది, ఫ్లెక్సీలున్నాయి, పాలాభిషేకాలున్నాయి. ఇందాక టీ తాగేటప్పుడు ఒకబ్బాయి నన్ను పక్కకి పిలిచి "సార్, హీరో అయిపోవాలని నాకేం లేదు, ఫ్రెండ్ క్యారెక్టర్లు వేసుకుంటూ బతికేయొచ్చా" అని అడిగాడు. ఆ అడగడం ఎలా ఉందంటే, మెడిసిన్‌లో సీటు రాకపోతే పోనీ ఏదో ఒక డిగ్రీలో చేరిపోనా అన్నట్టు ఉంది. నాకు కోపమేం రాలేదు గానీ, ఇవాళ ఏం మాట్లాడాలో మాత్రం అక్కడే తేలిపోయింది.

అమృతం సీరియల్ చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. మీలో చాలామంది అది టీవీలో వచ్చే రోజులకి ఉగ్గు తాగుతూ ఉండి ఉంటారు, కొందరైతే పుట్టి కూడా ఉండరు, అయినా యూట్యూబ్‌లో చూసేశారు, అన్నం తింటూ ఫోన్ గ్లాసుకి ఆనించుకుని చూస్తారు, నాకు తెలుసు. 2001లో జెమినీ టీవీలో మొదలైంది, 2007 దాకా నడిచింది, గుణ్ణం గంగరాజు గారు తీశారు. అంతకుముందు లిటిల్ సోల్జర్స్ సినిమా తీసింది ఆయనే. అమృతరావు అని ఒకాయన, ఆయన ఫ్రెండ్ ఆంజనేయులు, అంటే మన అంజి, ఇద్దరూ కలిసి అమృత విలాస్ అని హోటల్ పెట్టి నడపలేక నడుపుతుంటారు, ఇంటి ఓనరు అప్పాజీ ప్రాణం తీస్తుంటాడు, హోటల్లో సర్వం అని ఒక పనివాడు ఉంటాడు. ఇదంతా మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడొక ప్రశ్న. అమృతరావు వేషం ఎవరు వేశారు?

ఆఁ, హర్షవర్ధన్ అంటున్నారు. ఎవరో నరేష్ గారు అన్నారు, కరెక్టే. మొదట్లో వేసింది శివాజీరాజా గారు. ముగ్గురు. ఒకే సీరియల్లో, పేరే ఆయన పేరున్న సీరియల్లో, ఆ వేషం ముగ్గురు వేశారు. ముగ్గురూ మంచి నటులే, ఎవరినీ తక్కువ చేయడం లేదు.

మరి అంజి?

చూశారా, గది మొత్తం ఒకే పేరు చెప్పింది. గుండు హనుమంతరావు గారు. మన బెజవాడ మనిషి. ఆరేళ్లూ, మూడు వందలు దాటిన ఎపిసోడ్లలో, ఆ సీరియల్ అయిపోయేదాకా అంజి ఆయనే. హీరోని మార్చినా సీరియల్ నడిచింది. జనం ఒక వారం మొహం చిట్లించి ఉంటారేమో, తర్వాత అలవాటు పడిపోయారు. అంజిని మార్చి ఉంటే నడిచేదా? నడిచేది కాదని నా అభిప్రాయం. ఇంకో తమాషా చూడండి, సిరివెన్నెల గారు రాసి కళ్యాణి మాలిక్ గారు ట్యూన్ కట్టిన టైటిల్ సాంగ్ ఉంది కదా, అది మీ అందరికీ నోటికొచ్చు, ఆ పాట మొదలయ్యేది ఎవర్ని పిలుస్తూ? అమృతరావుని కాదు. సీరియల్ పేరు అమృతం, పాట పిలిచేది మాత్రం ఆంజనేయుల్ని.

ఇది ఏదో అదృష్టం కొద్దీ జరిగింది అనుకోకండి. దీని వెనక పని ఉంది. ఆ పని ఏంటో తెలిస్తే, ఫ్రెండ్ క్యారెక్టర్ అనే మాట ఇంకోసారి ఆ గొంతుతో అనరు.

అమృతరావుకి ప్రతి వారం ఒక ఐడియా వస్తుంది. లక్షలొచ్చేస్తాయంటాడు. ఆ ఐడియా చెప్పేటప్పుడు మనం ఎవర్ని చూస్తాం? చెప్పేవాణ్ణి చూడం. ఈసారి ఇంటికెళ్లి సౌండ్ తీసేసి చూడండి, మీ కళ్లు అంజి మీదే ఉంటాయి. ఎందుకంటే ఐడియా అమృతరావుది అయినా దెబ్బలు తగిలేది అంజికి, ఆ సంగతి అంజికి ముందే తెలుసు, తెలిసీ కాదనలేడు, ఫ్రెండు కాబట్టి. ఈ మూడూ ఆయన మొహంలో వరసగా కనిపిస్తాయి. ముందు అర్థం కాదు, తర్వాత అర్థమవుతుంది, ఆ తర్వాత ఒప్పేసుకుంటాడు. డైలాగ్ ఏదైనా ఉంటే అది ఈ మూడూ అయ్యాక వస్తుంది, సన్నటి గొంతుతో, కాస్త బతిమాలుతున్నట్టు. నవ్వు డైలాగ్‌కి రాదు, దానికి ముందే వచ్చేస్తుంది. హీరో ఎవరైనా సరే, ఐడియా చెప్పేవాడు ఒకడుంటే చాలు, దాన్ని వినేవాడు మాత్రం ఈయనే ఉండాలి. నా లెక్కలో సపోర్టింగ్ యాక్టర్ పని అంటే అదే, వినడం. మిగతావన్నీ దాని తర్వాతే.

వినడం అంటే తల ఊపడం కాదు. పోటీలకి వేసే పరిషత్తు నాటకాల్లో మనకి ఒక జబ్బుంది, నేనూ ఆ పరిషత్తుల్లోనే పెరిగాను కాబట్టి చెప్తున్నా, అవతలివాడు డైలాగ్ చెప్తుంటే మనం మన డైలాగ్ కోసం రెడీ అవుతూ ఉంటాం. ఊపిరి పీల్చి, గుండె నింపుకుని, ఎప్పుడు ఆపుతాడా అని. స్టేజీ మీద వెనక వరసలో కూర్చున్నవాడికి అది కనపడదు. కెమెరాకి కనపడుతుంది. మీ కళ్లలో తర్వాతి డైలాగ్ తిరుగుతోందా, అవతలి మనిషి మాట లోపలికి వెళ్తోందా అన్నది లెన్స్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

హనుమంతరావు గారు అక్కడిదాకా ఎలా వచ్చారో కాస్త చెప్పుకుందాం. 1956లో ఇక్కడే, విజయవాడలో పుట్టారు. స్వీట్ షాపు ఉండేది వాళ్లకి. ఒక పక్క వ్యాపారం, ఒక పక్క నాటకాలు. ఆ నాటకాలే ఆయన్ని జంధ్యాల గారి కంట్లో పడేశాయి. 1987లో వచ్చిన అహ నా పెళ్ళంటలో చిన్న వేషం. ఆ సినిమా అనగానే అందరికీ అరగుండు గుర్తొస్తాడు, లక్ష్మీపతి గుర్తొస్తాడు, కోడిని వేలాడదీసి అన్నం తినడం గుర్తొస్తుంది. బ్రహ్మానందం గారి జీవితం ఆ సినిమాతో ఒక్క ఊపున పైకి లేచింది. అదే సినిమాలో ఉన్న హనుమంతరావు గారికి ఆ ఊపు రాలేదు. రాకపోతే ఏమైంది? పని వచ్చింది. ఆ తర్వాత ఎస్.వి. కృష్ణారెడ్డి గారి సినిమాలు, రాజేంద్రుడు గజేంద్రుడు, మాయలోడు, యమలీల, అలా ఒకదాని వెంట ఒకటి. మొత్తం నాలుగు వందల సినిమాలకి పైనే అని అంటారు.

నాలుగు వందలు! వినడానికి ఎంత బాగుందో. కానీ ఒక్కో దాంట్లో ఆయనకి దొరికింది ఎంత? కొన్నిట్లో ఒక ట్రాక్, కొన్నిట్లో రెండు సీన్లు, కొన్నిట్లో గుంపులో ఒకడు. నాలుగు వందల సినిమాల్లో ముక్కలు ముక్కలుగా దొరికిన జాగా ఒక ఎత్తు, ఒక్క సీరియల్లో ఆరేళ్లు ఒకే మనిషిగా బతికే వీలు దొరకడం ఇంకో ఎత్తు. సినిమాలో సపోర్టింగ్ ఆర్టిస్ట్‌కి అన్నిటికంటే కరువు టైమే. ఎడిటింగ్ టేబుల్ మీద లెంగ్త్ ఎక్కువైందంటే మొదట కత్తెర పడేది మన మీదే. ప్రీమియర్‌కి ఇంట్లోవాళ్లందర్నీ తీసుకెళ్లి, తీరా చూస్తే తన సీనే లేదు, పాపం ఆ రాత్రి ఆటోలో ఎవరూ మాట్లాడరు. ఇలాంటివి చూశాను.

టీవీ ఆ టైమ్ ఇచ్చింది. అందుకే టీవీని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు చిరాకు. అబ్బే, సీరియల్ అండీ, అంటారు. ఏం, సీరియల్ అయితే? ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ దూరదర్శన్‌లో ఆనందో బ్రహ్మ చేశారు, ఇంటింటికీ ముందు పరిచయమైంది దాంతోనే. నువ్వు నేనులో లెక్చరర్‌గా ఆయన క్లాసు తీసుకుంటుంటే థియేటర్లు ఊగింది 2001లో, అంటే అప్పటికి ఆయన చాలా ఏళ్ల నుంచి పనిలో ఉన్నారు. ఆయన టీవీ నుంచి సినిమాకి వెళ్లారు, హనుమంతరావు గారు సినిమా నుంచి టీవీకి వచ్చారు. దారి ఎటు నుంచి ఎటు వెళ్లినా పని పనే.

ఇప్పుడు సెట్టు మీదికి తీసుకెళ్తాను మిమ్మల్ని. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, రాసుకుంటే రాసుకోండి.

మీకూ హీరోకీ ఒక సీన్ ఉంది అనుకోండి. మొదట మాస్టర్ తీస్తారు, ఇద్దరూ కనపడేట్టు, సీనంతా. తర్వాత సజెషన్లు. మీ భుజం మీదుగా హీరో, హీరో భుజం మీదుగా మీరు. తర్వాత క్లోజులు, అంటే మొహం ఒక్కటే. న్యాయంగా అయితే ఇంతే. కానీ హీరో గారికి ఇంకెక్కడో డబ్బింగ్ ఉంటుంది, లేదా ఫ్లైట్ ఉంటుంది, కాబట్టి ఆయనవన్నీ ముందు తీసేస్తారు. ఆయన సజెషన్, ఆయన క్లోజు. ఆ టైమంతా మీరు కెమెరాకి వీపు పెట్టి నిలబడి ఆయనకి డైలాగులు అందించాలి, కెమెరాలో పడేది మీ భుజం, చెవి, అంతే. అయినా పూర్తిగా చెయ్యాలి, ఎందుకంటే మీరు చప్పగా అందిస్తే ఆయన చప్పగా తీసుకుంటాడు, అది మీ సీనే పాడవడం. ఆయన వెళ్లిపోతాడు. లైటింగ్ మారుస్తారు. గంట పడుతుంది. అప్పుడు మీ క్లోజు. మీ ఎదురుగా హీరో లేడు. ఒక అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు పేపరు పట్టుకుని, హీరో డైలాగులు కిరాణా పద్దు చదివినట్టు చదువుతుంటాడు, పొద్దుట్నుంచి తిండి లేదు పాపం వాడికి. వాడి ఎడమ చెవి పక్కన చూడమంటాడు కెమెరామన్. మీరు ఆ చెవిని చూస్తూ, చిన్నప్పటి స్నేహితుడు మోసం చేశాడని తెలిసిన మనిషిలా కళ్లలో నీళ్లు తెచ్చుకోవాలి. వెనక ప్రొడక్షన్ వాళ్లు సామాను సర్దుతూ ఉంటారు, టీ గ్లాసులు గలగలమంటుంటాయి.

అదీ పరీక్ష. చెవిని చూస్తూ వినడం. అవతల మనిషి బాగా చేస్తే మనం బాగా చేయడంలో గొప్పేం లేదు, అవతల మనిషే లేనప్పుడు ఉన్నట్టు వినగలగాలి. హీరో రెండుసార్లు మారినా అంజి మొహంలో ఆ స్నేహం ఏ మాత్రం తగ్గలేదంటే, ఆయన తన ఎదురుగా ఎవరున్నారన్నదాని మీద ఆధారపడకుండా అమృతరావు అనే వాణ్ణి మనసులో కట్టుకుని ఉండాలి. ఇది నేను ఊహించి చెప్తున్నది, కానీ ఈ పని కొంచెం చేసినవాడిగా చెప్తున్నాను.

ఇంకోటి, తిండి సీన్లు. హోటల్ సీన్ అంటే ఇడ్లీ తప్పదు. కొత్తవాళ్లు మాస్టర్ షాట్‌లోనే ఇడ్లీ మొత్తం లాగించేస్తారు, ఆకలి మీద ఉంటారు కదా. తర్వాత సజెషన్‌కి మళ్లీ కొత్త ప్లేటు, క్లోజుకి మళ్లీ కొత్త ప్లేటు, రీటేకులు సరేసరి, ప్రతిసారీ అదే డైలాగ్ దగ్గర అదే ముక్క నోట్లో పెట్టాలి, లేకపోతే కంటిన్యుటీ పోయిందని కేకలేస్తారు. సాయంత్రానికి కడుపు ఉబ్బిపోయి ఆ పూట ఇంక డైలాగే రాదు. పాత ఆర్టిస్టుల్ని చూడండి, ఇడ్లీ తుంచుతారు, చట్నీలో అద్దుతారు, నోటి దాకా తెస్తారు, సరిగ్గా అప్పుడే ఏదో మాట గుర్తొచ్చి ఆపేస్తారు. సీనంతా తింటున్నట్టే ఉంటుంది, ఒక్క ముక్క లోపలికి పోదు. చూసేవాళ్లు ఎంత సహజంగా తిన్నాడో అనుకుంటారు.

సరే, కడుపు సంగతి వచ్చింది కాబట్టి డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. దీని గురించి ఎవరూ స్టేజీల మీద చెప్పరు.

సాయంత్రం ఫోన్ వస్తుంది. మేనేజరు. "అన్నా, రేపు పొద్దున ఏడింటికి, డాక్టర్ వేషం, కళ్లజోడు మీదే తెచ్చుకోండి." అంతే. కథ ఏంటి, ఎవరికి జబ్బు, మనం మంచి డాక్టరా దొంగ డాక్టరా, ఏమీ చెప్పడు. సెట్‌కి వెళ్లాక పేపరు చేతిలో పెడతారు. అందుకే మా అందరి దగ్గరా ఒక బ్యాగు ఉంటుంది. నా బ్యాగులో రెండు పంచెలు, ఒక కండువా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు, లాయరు కోటు, అద్దాల్లేని కళ్లజోడు ఒకటి, అద్దాలున్నది ఒకటి, విభూతి, కుంకం, ఒక పాత సూట్‌కేసు, అది కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రికి పనికొస్తుంది. అద్దాల్లేని కళ్లజోడు ఎందుకంటే లైటు తగిలి మెరవకుండా. ఈ బ్యాగు మా ఇంట్లో గుమ్మం పక్కనే ఉంటుంది, దాన్ని ఎవరైనా జరిపితే మా ఆవిడ ఊరుకోదు.

రోజుకి ఇంత అని మాట్లాడుకుంటారు. పెద్ద ఆర్టిస్టులకి లెక్క వేరు, మనలాంటివాళ్లకి రోజు లెక్కే. సినిమాలో ఎక్కువ ఉంటుంది, రోజులు తక్కువ ఉంటాయి. సీరియల్లో తక్కువ ఉంటుంది, కానీ మీ పాత్ర బతికి ఉన్నన్నాళ్లు నెలకి కొన్ని రోజులు ఖాయం. అందుకే సీరియల్ ఆర్టిస్టులకి అన్నిటికంటే టెన్షన్ పెట్టే మాట ఏంటో తెలుసా, "సార్, ఈ షెడ్యూల్లో మీకు యాక్సిడెంట్ సీన్ ఉంది." పోతామా, కోమాలో ఉంటామా? కోమా అయితే పర్లేదు, మంచం మీద పడుకుంటే డబ్బులొస్తాయి. నవ్వకండి, నిజం. ఇక పేమెంటు చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. ఒక చోట, పేరెందుకులెండి, చెక్కు కోసం తిరిగి తిరిగి ఆ ఆఫీసు వాచ్‌మన్ నాకు మంచి ఫ్రెండ్ అయిపోయాడు, చెక్కు మాత్రం రాలేదు.

ఉద్యోగం మానేసి వచ్చేయమంటారా అని అడుగుతారు ప్రతిసారీ. కోట శ్రీనివాసరావు గారి సంగతి చూడండి. కంకిపాడు, ఇక్కడికి ఎంత దూరం? ఆయన బ్యాంకు ఉద్యోగి. మొదటి సినిమా ప్రాణం ఖరీదు, 1978. ఆయన్ని జనం తిరిగి చూసింది ప్రతిఘటనలో కాశయ్యగా, తెలంగాణ యాసలో మాట్లాడే ఆ మంత్రిగా, 1985లో. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లు ఇల్లు ఎలా నడిచింది? జీతంతో నడిచింది. అంతటి కోట గారికే అన్నేళ్లు పడితే, రేపు రిజైన్ చేసి ఎల్లుండి హైదరాబాద్ కృష్ణానగర్లో రూము తీసుకుంటానంటున్న మీకెన్నేళ్లు పడుతుందో లెక్కేసుకోండి. రిజైన్ చేయొద్దని అనడం లేదు. రూము అద్దె ఎక్కడి నుంచి వస్తుందో ముందు కాగితం మీద రాసుకోండి, అంతే.

ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది... చెప్పమ్మా. ఆఁ, ఒకే రకం వేషాలు వస్తాయి కదా, ముద్ర పడిపోతుంది కదా అని. పడుతుంది. సూర్యకాంతం గారి తర్వాత తెలుగువాళ్లు కూతురికి ఆ పేరు పెట్టడానికి జంకారని అంటుంటారు, అంత ముద్ర. కానీ ఆవిడ గయ్యాళి వేషాలు వరసగా చూడమ్మా, ఒక గయ్యాళి ఇంకో గయ్యాళిలా ఉండదు. ఒకామె డబ్బు కోసం గయ్యాళి, ఒకామె భయంతో గయ్యాళి. ముద్ర పడ్డం గురించి ఏడ్చేవాళ్లని నేను చాలామందిని చూశాను, వాళ్లలో సగం మందికి అసలు ముద్రే పడలేదు. ముందు పడనీ. మేనేజరుకి పోలీసు వేషం అనగానే నీ పేరు గుర్తొస్తే అది నీకు అన్నం. ఆ పోలీసుని పది రకాలుగా వేయడం నీ చేతిలో పని. అంజి కూడా ముద్రే కదా, చివరిదాకా ఆయన ఎక్కడికెళ్లినా అంజీ అనే పిలిచారు జనం.

గుర్తింపు గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను, దీని మీద నాకంత ఆసక్తి లేదు. జాతీయ అవార్డుల్లో సహాయ నటుడికంటూ విడిగా ఒక అవార్డు పెట్టింది 1984 సినిమాల నుంచి. ఆ అవార్డులు మొదలైంది 1954లో. ముప్ఫై ఏళ్లు పట్టింది మనం కూడా ఉన్నామని గుర్తుకు రావడానికి. మన పి.ఎల్. నారాయణ గారు యజ్ఞం సినిమాకి 1991 సంవత్సరానికి తెచ్చుకున్నారు దాన్ని. కాళీపట్నం రామారావు గారి కథ అది. సినిమా చూసినవాళ్లు ఈ గదిలో ఎందరున్నారో అడగను, మీకూ ఇబ్బంది నాకూ ఇబ్బంది.

ఇప్పుడు చెప్పేది కాస్త కష్టమైన సంగతి. హనుమంతరావు గారికి కిడ్నీ జబ్బు వచ్చింది. నాలుగు వందల సినిమాలు చేసిన మనిషి, ఆరేళ్లు రాష్ట్రమంతా ఆదివారం రాత్రి ఇంట్లో కూర్చుని చూసిన మనిషి, వైద్యానికి సాయం తీసుకోవాల్సి వచ్చింది. చిరంజీవి గారు ఇచ్చారు, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చింది, పేపర్లలో వచ్చింది. 2018 ఫిబ్రవరి 19న పోయారు. ఇచ్చినవాళ్లకి దండం పెట్టాలి. కానీ నా ప్రశ్న ఇచ్చినవాళ్ల గురించి కాదు. యూట్యూబ్‌లో అమృతం ఇవాళ్టికీ తిరుగుతోంది, యాడ్లు వస్తున్నాయి. మన దేశంలో నటుడికి రోజు కూలీతో లెక్క తెగిపోతుంది. ఆ బొమ్మ ఎన్నిసార్లు వేసినా, ఏ దేశంలో వేసినా, మళ్లీ పైసా రావాలన్న పద్ధతి మనకి అలవాటు కాలేదు. పాట రాసినవాళ్లకీ ట్యూన్ కట్టినవాళ్లకీ రాయల్టీ కోసం కాస్తో కూస్తో కొట్లాట జరిగింది, మనకి అదీ లేదు. అగ్రిమెంటు అని ఒక కాగితం ఇస్తారు, చదవకుండా సంతకం పెడతాం, అందులో ప్రపంచంలో ఉన్న మాధ్యమాలు, రేపు పుట్టబోయే మాధ్యమాలు అన్నిటికీ హక్కులు రాసిచ్చేసి ఉంటాం.

కాబట్టి అగ్రిమెంటు చదవండి. సినిమాల్లో కుదురుకుంటే 'మా', అంటే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్, సభ్యత్వం సంగతి చూసుకోండి, 1993లో పెట్టారు ఆ సంఘాన్ని, ఎన్నికలప్పుడు టీవీల్లో గొడవలు చూసి నవ్వుకుంటారు గానీ, ముసలితనంలో పెన్షను అందుకునేవాళ్లని అడగండి దాని విలువేంటో. మొదటి మంచి పేమెంటు రాగానే ఫోన్ మార్చకండి, హెల్త్ ఇన్సూరెన్స్ కట్టండి. రాత్రిళ్లు షూటింగులు, టైముకి తిండి ఉండదు, నీళ్లు తాగితే బాత్రూముకెళ్లాలని కొందరు ఆడపిల్లలు అవుట్‌డోర్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లే తాగరు, ఇది ఎంత ఘోరమో ఆలోచించండి. క్యారవాన్ హీరోయిన్‌కి ఉంటుంది. అత్త వేషం వేసే ఆవిడకి ఉండదు. దీని గురించి గట్టిగా అడగండి, ఒక్కరు అడిగితే పొగరంటారు, అందరూ కలిసి అడిగితే ఏర్పాటు చేస్తారు.

అమృతం మళ్లీ వచ్చింది తెలుసు కదా, 2020 ఉగాదికి, జీ5లో, అమృతం ద్వితీయం అని. హర్షవర్ధన్ గారే అమృతరావు, అప్పాజీగా శివన్నారాయణ గారే, సర్వంగా వాసు ఇంటూరి గారే. అంజిగా ఎల్.బి. శ్రీరామ్ గారు చేశారు. ఆయన ఎంత పెద్ద నటుడో, ఎంత పెద్ద రచయితో నేను చెప్పక్కర్లేదు. నేను ప్రత్యేకంగా గమనించింది ఏంటంటే, ఆయన హనుమంతరావు గారిని అనుకరించలేదు. ఆ సన్న గొంతు పెట్టలేదు, ఆ బతిమాలే చూపు తేలేదు, తన అంజి ఏదో తను చేసుకుపోయారు. జనం పోల్చారు, పోల్చకుండా ఎలా ఉంటారు. నాకైతే ఆ పని పద్ధతి నచ్చింది. ఒకరు అంతలా కూర్చున్న కుర్చీలో కూర్చోమంటే పెద్ద నటులు కూడా రెండుసార్లు ఆలోచిస్తారు. అమృతరావు వేషానికి ఇంత ఆలోచన ఎవరూ చేసి ఉండరు అనిపిస్తుంది నాకు. హర్ష గారు ఏమీ అనుకోకూడదు, ఆయన మూడో అమృతరావుగా వచ్చి అందరికంటే గట్టిగా నిలబడ్డారు, అది వేరే కథ, ఇంకో రోజు చెప్పుకుందాం.

టైమెంతైంది? సరే, లంచ్‌కి ఇంకా ఉంది. ఇంక నేను మాట్లాడను, మీరు చేయండి. ఇద్దరిద్దరు రండి. ఒకరికి డైలాగ్ ఉంటుంది, ఉద్యోగం మానేసి ఇద్దరం కలిసి వ్యాపారం పెడదాం, నీ వాటా రెండు లక్షలు అని ఒప్పించాలి, ఎలా ఒప్పిస్తారో మీ ఇష్టం, మూడు నిమిషాలు. రెండోవాళ్లకి మాట లేదు. ఊఁ కూడా అనకూడదు, తల ఊపకూడదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చోవాలి. మీ దగ్గర ఆ రెండు లక్షలు ఉన్నాయి, అవి మీ చెల్లి పెళ్లికి దాచినవి, ఆ సంగతి అవతలివాడికి తెలియదు. మిగతా అందరూ మాట్లాడేవాణ్ణి చూడొద్దు, వినేవాణ్ణే చూడండి, ఆ డబ్బు ఇస్తాడో ఇవ్వడో మీకు ఏ క్షణంలో తెలిసిందో కాగితం మీద రాయండి. ఆ ఫ్యాన్ కట్టేయండి, చప్పుడు ఎక్కువగా ఉంది. కుర్చీలు కాస్త గోడవైపు జరపండి. మొదటి జంట ఎవరు?